పొద్దున షిఫ్టుకి పాత ఎక్సెల్

ఆ రోజుల్లో మా ఉక్కునగరంలో ఒక ఇంటి సందేహం ఆ ఇంట్లోనే తేలేది కాదు. మిక్సీ కొనాలన్నా, పిల్లని ఏ కాలేజీలో వెయ్యాలన్నా నాన్నలు ముందు దాన్ని షిఫ్టు బస్సు ఎక్కించేవారు. అక్కణ్నుంచి అది క్యాంటీన్‌కి వెళ్ళి, నలుగురి నోళ్ళలో నాని, షిఫ్టు దిగేవేళకి ఏదో ఒక తీర్పుతో ఇంటికి తిరిగొచ్చేది. నా మొదటి పెద్ద సందేహం కూడా అలాగే ప్లాంటు చూసొచ్చింది. (నేను మాత్రం ఆ గేటు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.) ఆ సందేహమేమిటో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఎక్సెల్ పాతది నేర్చుకోవాలా, కొత్తది నేర్చుకోవాలా అని!

పోర్టు దగ్గర ఒక ఓడల ఏజెన్సీ ఆఫీసులో, ఫైనాన్స్ సెక్షన్‌లో, నాకు రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. అది పూర్తిచేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది. మాట్లాడటానికి వెళ్ళిన రోజున అక్కడి మేనేజర్‌గారు "మొదటిరోజే ఒక షీట్ ఇస్తామమ్మా. చెయ్యి తిరిగితే ఉంటావు, లేకపోతే వెనక్కి పంపేస్తాం" అన్నారు. ఆయన వెనకాల కిటికీలో ఒక పెద్ద ఓడ నెమ్మదిగా జరుగుతోంది. కదిలేది ఓడా, మేమున్న ఆఫీసా అని తేల్చుకునే పనిలో పడి నేను తలూపేసి వచ్చేశాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది, వాళ్ళ దగ్గర ఏ ఎక్సెల్ ఉందో అడగనే లేదని. అప్పుడప్పుడే కొత్తది వచ్చింది. పాతదాంట్లో పైన వరసగా పేర్లుండేవి, ఒక్కోదాన్ని నొక్కితే కింద ఒక జాబితా జారేది. కొత్తదాంట్లో ఆ పేర్లన్నీ పోయి బొమ్మలతో నిండిన వెడల్పాటి పట్టీ వచ్చింది. మళ్ళీ మెట్లెక్కి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇంటర్న్‌షిప్ పోతే ఏడాది పోతుంది. పైగా "మా పాప పోర్టు ఆపీసులో" అని నాన్న అప్పటికే షిఫ్టంతా చెప్పేసుకున్నాడు. ఏడాది పోయినా బతకొచ్చుగానీ, ఆ షిఫ్టు బస్సులో నాన్న తలదించుకుని కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

కంచరపాలెంలో కంప్యూటర్ సెంటర్ నడిపే మా బావ (మేనమామ కొడుకు, మాకు తెలిసినవాళ్ళలో కంప్యూటర్ విప్పి మళ్ళీ బిగించగలిగిన ఏకైక మనిషి) వెంటనే తేల్చేశాడు. "పాతదెందుకే మరదలా? నువ్వు ఆపీసులో కూకునేసరికి దానికి దినకార్యం అయిపోతాది. కొత్తది నేర్సుకో." నాన్నకి ఈ మాట అసలు నచ్చలేదు. "కొత్త ఫర్నేసు కట్టిన్రోజే పాతదాన్ని ఆర్పేత్తారేటి? నమ్మకంగా నడిసేది పాతదే" అన్నాడు. క్యాంటీన్ సగం నాన్నవైపు, సగం బావవైపు చీలిపోయింది. వంటింట్లోంచి అమ్మ మాత్రం "ఏటే, కూడితే రెండింట్లోనూ ఒకటే వత్తాది గదా?" అంది. మా ఇంట్లో ఆ వారంలో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. "నీకు తెల్దు, ఊరుకో" అన్నాడు నాన్న.

చివరికి క్యాంటీన్ తీర్పు వచ్చింది. ఉక్కు మనుషులకి ఏ చిక్కు వచ్చినా తెలిసిన మందు ఒక్కటే, షిఫ్టులు వెయ్యడం. బావ సెంటర్లో పొద్దున షిఫ్టు పాత ఎక్సెల్, మధ్యాహ్నం షిఫ్టు కొత్త ఎక్సెల్. అంతటితో ఆగితే బాగానే ఉండేది. నాన్న ప్లాంటు కట్టుబాటు కూడా తగిలించాడు. "రిలీవర్, అదే తరవాత డ్యూటీవోడు, రాకండా మిసను వదలకూడదు. కొత్తది కాళీ అయ్యేదాకా పాతదాని ముందర్నుంచి లెగకు. మద్దిలో కూకుని కలలు కంటావు, నాకు తెల్దేటి!" బావ సెంటర్లో కొత్త ఎక్సెల్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే. దాని ముందు ఓడ ఉద్యోగం కోసం రోజూ మెయిల్ చూసుకునే ఒకాయన స్థిరనివాసం ఏర్పరుచుకున్నాడు. ఆయనకి జవాబు రాదు, ఆయన లేవడు. నాన్న మాట తప్పకూడదు కనక నా పొద్దున షిఫ్టు రోజూ డబల్ డ్యూటీ అయ్యేది.

ఆ పాత కంప్యూటర్‌కి మౌస్ ఉందిగానీ దాని పొట్టలో ఉండాల్సిన గోళీ లేదు. ఎవరో కస్టమర్ పట్టుకుపోయాడు. "కీబోర్డు ఉన్నాది గదే" అని బావ చేతులు దులిపేసుకున్నాడు. దాంతో నేను మీటలతోనే దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆల్ట్, డి, ఎఫ్, ఎఫ్ నొక్కితే ప్రతి నిలువు వరస తలమీదా ఒక చిన్న బాణం వచ్చి కూర్చుంటుంది, దాన్ని తెరిస్తే కావలసిన వరసలు మాత్రం మిగిలి మిగతావి దాక్కుంటాయి. ఆల్ట్, డి, ఎస్ నొక్కితే అన్నీ వరుసక్రమంలో నిలబడతాయి. ఇంటికెళ్ళే బస్సులో కిటికీకి తలానించుకుని, ఒళ్ళో ఉన్న బ్యాగు మీద అవే అక్షరాలు తాళం వేసుకుంటూ కూర్చునేదాన్ని. పక్కన కూర్చున్న ఒకావిడ మెచ్చుకోలుగా "సంగీతం నేర్సుకుంతన్నావా పాపా?" అని అడిగింది. కాదనబుద్ధి కాలేదు.

ఎప్పుడైనా దయతలచి ఆ ఓడ ఉద్యోగమాయన లేస్తే నేను కొత్త ఎక్సెల్ ముందు కూర్చునేదాన్ని. ఎంత అందంగా ఉండేదో! పాతది ముసురు పట్టిన సముద్రంలా బూడిదరంగు. కొత్తదాని అంచులన్నీ లేత నీలం. చూస్తూ చూస్తూ నేను పని మరిచిపోయేదాన్ని. ఖాళీ గళ్ళకి ఒక్కోదానికీ ఒక్కో నీలం వేసేదాన్ని, భీమిలి దగ్గర నీళ్ళ రంగు ఒకటి, హార్బరు దగ్గర నీళ్ళ రంగు ఒకటి. మూలనున్న గుండ్రటి బొత్తాన్ని ఊరికే నొక్కి, తెరుచుకున్న జాబితా చదివి మళ్ళీ మూసేదాన్ని. అంతలో సెంటర్ కట్టేసే వేళయ్యేది. "ఏటి నేర్సుకున్నావే?" అని బావ తొంగిచూసి, నీలం గళ్ళు చూసి, షట్టరు దించడానికి పోయేవాడు.

ఆఫీసులో మొదటిరోజు నన్ను ఫైనాన్స్ సెక్షన్‌లో కళ్ళజోడు మేడమ్ (ఆవిడకి రెండు కళ్ళజోళ్ళు, ఒకటి ఎప్పుడూ తలమీదే) పక్కన కూర్చోబెట్టారు. తెర వెలిగింది. లేత నీలం! బావ గెలిచాడని లోపల్లోపలే గంతేశాను. "ఈ బిల్లుల్లో బొగ్గు ఓడలవి వేరు చేసి, తేదీల వరసలో పెట్టి, ప్రింటు తియ్యమ్మా" అంది మేడమ్. మౌస్ పట్టుకున్నాను. ఆ బొమ్మల పట్టీ మీద బాణంగుర్తు అటు తిరిగింది, ఇటు తిరిగింది. అప్పుడు అర్థమైంది, కొత్త ఎక్సెల్‌లో నాకు రంగులు వెయ్యడం తప్ప మరేమీ రాదని. మేనేజర్‌గారు వెనకాల వచ్చి నిలబడ్డారు. నిజంగానే ఏడుపొచ్చింది. షిఫ్టు బస్సులో నాన్న కళ్ళముందు కనిపించాడు. మౌస్ వదిలేసి గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

"ఏటమ్మా, దణ్ణం పెట్టుకుంతన్నావేటి?" అని మేడమ్ అంటోంది. నా వేళ్ళు మాత్రం నన్నడక్కుండానే బస్సులో తాళం అందుకున్నాయి. ఆల్ట్, డి, ఎఫ్, ఎఫ్. కళ్ళు తెరిచేసరికి నిలువు వరసల తలలమీద ఆ చిన్న బాణాలు వచ్చి కూర్చున్నాయి! పేర్లన్నీ పోయినా పాత మీటల దారిని కొత్త ఎక్సెల్ లోపల అలాగే ఉంచిందని నాకప్పుడే తెలిసింది. బొగ్గు ఓడలు మిగిలాయి, ఆల్ట్, డి, ఎస్‌తో తేదీలు సర్దుకున్నాయి. ప్రింటుకోసం నేను మూలనున్న గుండ్రటి బొత్తాం నొక్కగానే మేడమ్ కుర్చీలోంచి సగం లేచింది. "ప్రింటు అందులో ఉన్నాదా? అది కంపెనీవాడి ముద్దర అనుకున్నాం గదమ్మా! ఇది వచ్చిన్నాటినుంచి ప్రింటుకి పక్క సెక్షన్‌కి పోతన్నాం!" మేనేజర్‌గారు దగ్గి, "రేపట్నుంచి టైముకి వచ్చెయ్యమ్మా" అని వెళ్ళిపోయారు.

సాయంత్రం బస్సు దిగేసరికి స్టాపులో నాన్న నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకోవలసిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉంచుకున్నారా లేదా అని అడగడానికి నోరు రాలేదనుకుంటాను. "ఏ వెర్సనే?" అన్నాడు. "రెండూ పనికొచ్చాయి నాన్నా. ఉంచుకున్నారు" అన్నాను. నాన్న ఛాతీ విరుచుకుని, "మరి షిఫ్టులేసింది ఎవలనుకున్నావ్!" అన్నాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, కళ్ళతో సహా.

ఆ తరవాత ఎన్ని వెర్షన్లు వచ్చాయో లెక్కలేదు. ఇప్పుడు మా ఆఫీసులో ఎక్సెల్ రాత్రికి రాత్రి దానంతటదే మారిపోతుంది, పొద్దున నేను చూసుకోకుండానే పని మొదలుపెట్టేస్తాను. ఏది ముందు పెట్టినా నడిచిపోతుంది. ఒక్కటి సరిగ్గా ఎంచుకుంటే చాలు, జీవితమంతా ఒడ్డున పడుతుందని నమ్మి, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయిన ఆ పిల్ల గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది. తరవాత కాస్త అసూయగా కూడా ఉంటుంది. ఇప్పుడు నాకు అన్నీ చేతనవుతాయిగానీ, దేనికోసమైనా అంతలా కంగారుపడటం మాత్రం చేతకావడం లేదు.