తేనెటీగలకు అత్తయ్య చేసిన పోస్ట్‌మార్టమ్

ముసురు విడిచి మా ఊరు బాతెల్‌లో ఎండ కాసిన ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, పెరట్లో ఉన్న తేనెటీగల పెట్టె దగ్గరికి వెళ్లాను. అలాంటి ఎండకి ఈగలు బయటికొచ్చి కాసేపు ఎగరాలి. ఒక్కటీ కనిపించలేదు. మూత తీశాను. మైనపు ఫ్రేముల మధ్య నా పిడికిలంత ముద్దగా, ఒకదాన్నొకటి పట్టుకుని చచ్చిపోయి ఉన్నాయి. ఆ ముద్ద నడుమ రాణి ఈగ.

రెండేళ్లు పెంచాను వాటిని. కళ్లు తుడుచుకుంటూ గరాజ్‌లోంచి చెత్త సంచి తెచ్చుకున్నాను. అప్పుడే మా అత్తయ్య వంటింటి తలుపు తీసి తొంగిచూశారు.

“ఏమైంది అమ్మాయ్?”

“చచ్చిపోయాయి అత్తయ్యా. అన్నీ.”

“ఎందుకని?”

“చలికి అనుకుంటా.”

“అనుకుంటావా?” ఆవిడ గొంతు మారిపోయింది. “కాజ్ తెలియకుండా బాడీని పారేస్తావా ఎక్కడైనా? ఆ సంచి పక్కన పెట్టు.”

అత్తయ్య ఒహాయోలో పోస్ట్‌మార్టాలు చేసే పాథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఈగలంటే ఆవిడకి హడల్. ఆ పెట్టె పెట్టిన దగ్గర్నుంచీ అటువైపు అడుగు వేయలేదు. అలాంటిది, ఆ రోజు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తడిగడ్డిలోకి దిగి వచ్చేశారు.

డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచాం. భూతద్దం, టార్చి, కనుబొమలు తీసుకునే ప్లక్కరు తెచ్చుకుని ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. నేను చేసేది బయోటెక్ ల్యాబ్‌లో ఉద్యోగమే, కానీ ఆ సాయంత్రం ఆవిడకి అసిస్టెంటునైపోయాను.

“తిండి ఉందా?”

“రెండు ఫ్రేముల నిండా తేనె ఉంది.”

“అయితే ఆకలి కాదు. తడి?”

“మూత లోపల పొడిగానే ఉంది.”

“గుడ్. ఇంత తేనె పెట్టుకుని ఇంత చిన్న గుంపు ఎందుకైంది? అసలు ప్రశ్న అదీ!”

గుంపు పెద్దదైతే ఈగలు ఒకదాని వేడితో ఒకటి చలికాలం గడిపేస్తాయి. పిడికెడు ఈగలకి ఆ వేడి పుట్టదు. అంటే చలి చివర్లో వచ్చి చంపింది. అంతకుముందే ఇంకేదో వాటిని తగ్గించుకుంటూ వచ్చింది. అది అర్థమయ్యేసరికి నా ఏడుపు ఎటు పోయిందో తెలియదు. ఇద్దరం ఒకే ఫ్రేము మీదికి వంగిపోయాం.

“ఇదేమిటి?” టార్చి వెలుతురులో పిల్లపురుగులు పెరిగే గదుల పైకప్పు చూపించారు. ఉప్పు రాసినట్టు తెల్లటి చుక్కలు.

ఫ్రేము నా వైపు తిప్పుకున్నాను. పుస్తకంలో బొమ్మ చూశాను గానీ కళ్లారా చూడటం అదే మొదలు. “మైట్లు అత్తయ్యా! ఈగల ఒంటిని పట్టుకుని పీల్చే పురుగులు. ఆ తెలుపు వాటి రెట్ట!”

“పురుగేది మరి? చూపించు!”

పెట్టె అడుగున రాలిన చెత్తంతా తెల్ల కాగితం మీద దులిపాం. మైనపు పొట్టులో ఆవాల కన్నా చిన్నగా, ఎర్రగా, బల్లపరుపుగా ఒకటి. దాని పక్కనే ఇంకొకటి. తర్వాత లెక్క వదిలేశాం.

“దొరికాయి!” అత్తయ్య బల్ల మీద చరిచారు. ఆవిడ ముఖం అంతలా వెలిగిపోవడం మామయ్య పోయాక నేను చూడలేదు. “ఆగస్టులో వీటికి మందు పెట్టానన్నావుగా?”

“పెట్టాను. తర్వాత మళ్లీ చెక్ చేయలేదు.”

“ఈసారి చేద్దాం.”

ఆ మాట ఆవిడే అన్నారు. నేనింకా ఈసారి సంగతి అనుకోనే లేదు.

ఈగలకి అంటువ్యాధి ఏదైనా ఉంటే ఆ మైనపు ఫ్రేములు మళ్లీ వాడకూడదు. మూసి ఉన్న గదుల్లో అగ్గిపుల్ల గుచ్చి లాగి చూశాను. లోపలిది జిగురు తీగలా సాగితే రోగం ఉన్నట్టు. ఎక్కడా సాగలేదు. చెడువాసనా లేదు. మైనానికి పురుగు పట్టకుండా ఫ్రేములన్నీ ఫ్రీజర్‌లో పెట్టేశాం. మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చి, గోంగూర ప్యాకెట్లన్నీ సింక్‌లో ఎందుకున్నాయని అడిగారు. ఇద్దరం ఒకేసారి చెప్పడం మొదలెట్టాం.

ఏప్రిల్‌లో కొత్త ఈగల్ని కొనితెచ్చాను. అత్తయ్య నా పాత ముసుగు తగిలించుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెట్టెకి ఆమడ దూరంలో నిలబడ్డారు. ఈగలున్న జాలీ డబ్బా బోర్లించి కుదిపాను. గోధుమరంగు ధార ఒకటి పెట్టెలోకి జారింది. పాత ఫ్రేముల్లో సిద్ధంగా ఉన్న మైనం, తేనె కనిపించగానే ఈగలు గదుల్లోకి బిలబిలా పాకాయి. “అబ్బ, అబ్బ!” అంటూ నేను చూస్తుండగానే ఆవిడ నా భుజం పక్కకి వచ్చేశారు.

ఆగస్టులో మందు పెట్టాం, తర్వాత మళ్లీ మళ్లీ చెక్ చేశాం. సీసాలో కాసిని ఈగల్ని తీసుకుని పంచదార పొడి చల్లి కుదిపితే, పట్టు జారి మైట్లు రాలిపోతాయి. ఈగలకేం కాదు, తెల్లగా ముస్తాబై ఇంటికెళ్లి ఒకదాన్నొకటి నాక్కుంటాయి. సెప్టెంబరులో కొన్ని రాలితే మరోసారి మందు పెట్టాం. అక్టోబరులో కుదిపిన సీసా కింద పంచదార తప్ప ఏమీ పడలేదు.

తర్వాతి ఫిబ్రవరిలో నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్ మోగింది. ఆవిడెప్పుడూ ఆఫీస్ టైమ్‌లో చేయరు. కంగారుగా బయటికొచ్చి ఎత్తాను.

“అమ్మాయ్, వస్తున్నాయే! కాళ్లకి పసుపు రాసుకున్నట్టు పచ్చటి పుప్పొడి మోసుకుని మరీ వస్తున్నాయి! పుప్పొడి తెస్తున్నాయంటే లోపల పిల్లలున్నట్టేగా?”

“అంతే అత్తయ్యా. రాణి గుడ్లు పెడుతోందన్నమాట!”

నా అరుపుకి కారిడార్‌లో వెళ్తున్న మనిషి ఆగి చూశాడు. “ఉండు, వీడియో తీసి పంపిస్తా,” అన్నారు అత్తయ్య. “దగ్గరికెళ్లి తీస్తా.”