ఎడమ పక్క పెట్టె

తెనాలి చుట్టుపక్కల మైకు మొహిద్దీన్ అంటే తెలియని పెళ్లివారు లేరు. అసలు పేరు గులాం మొహిద్దీన్, సొంతూరు కొలకలూరు. పదిహేనో ఏట రేడియోలు బాగుచేసే కొట్లో చేరాడు. ఇరవై రెండేళ్లు నిండకుండానే రెండు లౌడుస్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు, ఒక సైకిలు సంపాదించి సొంతంగా మైకు సెట్టు పెట్టాడు. అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా నాటకాల పోటీలన్నా, కాలేజీ వార్షికోత్సవాలన్నా అతనికే కబురు వచ్చేది. పందిట్లో అడుగుపెట్టి ఒక్క నిమిషం తల వంచి విని, "ఆ మూల స్పీకర్లో పొర చిరిగింది, దించండి" అనేవాడు. దించి చూస్తే చిరిగే ఉండేది. మొహిద్దీన్ చెవికి తిరుగులేదని జనం అనేవారు. అనగా అనగా అతనూ నమ్మాడు.

రెండు వేల అయిదో సంవత్సరం వేసవిలో బాపట్ల నుంచి మీనాక్షి గారు ఫోను చేశారు. ఆవిడ అక్కడ కాలేజీలో సంస్కృతం చెబుతారు. భర్త వేంకటసుబ్రహ్మణ్యం గారు అదే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. షుగరు ముదిరి రెండేళ్ల కింద ఆయనకు చూపు పోయింది.

"ఆయనకి సినిమాలంటే ప్రాణం కదండీ. బొమ్మ ఎలాగూ కనపడదు, మాటలన్నా బాగా వినబడితే చాలంటున్నారు. కంప్యూటరు కొన్నాం. దానికి చుట్టూ పెట్టుకునే స్పీకర్లు, ఫైవ్ పాయింట్ వన్ అంట, మీ తెనాలిలోనే తీసుకున్నాం. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కివ్వొచ్చన్నారు. మీరొచ్చి విని, ఉంచుకోమంటే ఉంచుకుంటాం, మొహిద్దీన్ గారూ."

పొద్దున పాసింజరుకి వెళ్లాడు. పది అడుగుల గది. బల్ల మీద కంప్యూటరు, దాని ముందు గుండ్రంగా తిరిగే కుర్చీ, వెనక సుబ్రహ్మణ్యం గారి మంచం. మొహిద్దీన్ అట్టపెట్టెలు విప్పి అన్నిటినీ అమర్చాడు. అరచెయ్యంత పెట్టెలు ముందు రెండు, వెనక రెండు, తెర మీద ఒకటి, బల్ల కింద ధనధన మోగే వూఫరు. కంప్యూటరులోనే ఒక పరీక్ష ఉంది. తెర మీద బొమ్మను నొక్కితే ఒక్కో పెట్టెలోంచి వరసగా చిరచిరమని ఒకే శబ్దం వస్తుంది.

కుర్చీలో కూర్చుని విన్నాడు. కుడి పక్కవి రెండూ గలగలమన్నాయి. ఎడమ ముందుది కాస్త మందంగా ఉంది. ఎడమ వెనకది మరీ, దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టుంది. కుడి పెట్టెను ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ మార్చి మళ్లీ విన్నాడు. మారినా ఎడమ పక్కే మందం.

"పెట్టెల్లో లోపం లేదండి. లోపల ఆంప్లిఫయరే ఎడమ పక్కకి సరిగ్గా పంపట్లేదు" అని తేల్చేశాడు.

మంచం మీద నుంచి సుబ్రహ్మణ్యం గారు, "నాకు రెండు పక్కలా సమానంగానే ఉంది మొహిద్దీన్" అన్నారు.

"అలవాటు లేని చెవికి తెలియదు లెండి సార్."

ఆ సాయంత్రమే సెట్టు మోసుకుని తెనాలిలో దాన్ని అమ్మిన జనార్దనరావు కొట్టుకి వెళ్లాడు. జనార్దనరావు ముప్పై ఏళ్లవాడు, కొట్టు పెట్టి ఏడాది కాలేదు. సెట్టు బల్ల మీద పెట్టి మోగించి, "బాగానే ఉంది కదా బాబాయ్" అన్నాడు.

మొహిద్దీన్‌కి చుర్రుమంది. "నాకు చెబుతావా? ముప్పై ఏళ్లు చేశాను ఈ పని. పనికిరాని సరుకు తెచ్చి చూపులేని మనిషికి అంటగడతావా?"

కొట్లో నలుగురు ఉన్నారు. అందులో ఒకాయన చేతిలో ఉన్న పెట్టెను మెల్లిగా బల్ల మీద పెట్టేసి మెట్లు దిగిపోయాడు. జనార్దనరావు కొత్త సెట్టు తీసి ఇచ్చాడు.

రెండు రోజులాగి బాపట్ల వెళ్లి ఆ కొత్తదాన్ని అమర్చాడు. అదీ అంతే. ఎడమ పక్క మందం. కంప్యూటరులో తేడా ఉందేమోనని వెనక తీగలు అటువి ఇటూ ఇటువి అటూ గుచ్చాడు. అయినా ఎడమే మందం. కిటికీ పరదా శబ్దాన్ని మింగేస్తోందేమోనని పరదా తీసేయించాడు. ఏం లాభం లేకపోయింది. పెట్టె కాదు, తీగ కాదు, కంప్యూటరు కాదు, గది కూడా కాదు. ఇంక ఏముంటుంది?

పరీక్ష శబ్దం అలా తిరుగుతూనే ఉంది. వెనక నుంచి మీనాక్షి గారు, "కాఫీ తీసుకోండి" అన్నారు. కుర్చీతో సహా వెనక్కి తిరిగి గ్లాసు అందుకున్నాడు. అంతే, అప్పటిదాకా గొంతు పూడుకుపోయిన పెట్టె గలగలమంది. గలగలమన్న పెట్టె మూగబోయింది.

గ్లాసు చేతిలో ఉండగానే మళ్లీ ముందుకు తిరిగాడు. మళ్లీ వెనక్కి. అతనితో పాటే లోపమూ తిరుగుతోంది. గ్లాసు కింద పెట్టి చూపుడువేలితో కుడి చెవి మూసుకున్నాడు. వీధిలో బస్సు హారను లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. సుబ్రహ్మణ్యం గారి పెదవులు కదులుతున్నాయి. మాట లేదు.

వేలు తీసేశాడు. ఏం చేయాలి? 'ఇదీ పాడైందే' అనొచ్చు. 'బాగుంది, ఉంచుకోండి' అని చల్లగా జారుకోనూ వచ్చు. ఎవరికీ తెలియదు. చెవే అన్నం పెడుతున్న మనిషి, చెవి పోయిందని ఏ నోటితో చెప్పుకుంటాడు?

"ఏంటి మొహిద్దీన్, మాట్లాడవేం?" అన్నారు సుబ్రహ్మణ్యం గారు.

ఆ గొంతులో ఆరా లేదు, ఆత్రం మాత్రమే ఉంది. తన మాట కోసం ఎదురుచూస్తున్న ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి మొహిద్దీన్‌కి నోరు రాలేదు. "సార్, సెట్టు మంచిదేనండి. మొదటిదీ మంచిదే. నా ఎడమ చెవే పోయింది" అన్నాడు.

మీనాక్షి గారు గడప దగ్గరే ఆగిపోయారు. సుబ్రహ్మణ్యం గారు తడుముకుంటూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "నాకు చూపు తగ్గుతోందని ఏడాది దాకా ఈవిడకి చెప్పలేదు. బల్బులు మంచివి కావని తిట్టుకుంటూ గడిపాను. నువ్వు పది నిమిషాల్లో చెప్పేశావు."

అప్పుడు ఇద్దరూ కలిసి కూర్చున్నారు. మొహిద్దీన్ కుడి చెవిని ఒక్కో పెట్టె వైపు తిప్పి విన్నాడు. రెండు పక్కలా సమమో కాదో సుబ్రహ్మణ్యం గారు చెప్పారు. ఒక సినిమా పెట్టారు. వాన సన్నివేశంలో చినుకులు నాలుగు పక్కలా పడుతుంటే ఆయన ముఖం పైకెత్తారు. కానీ ఆ హోరులో మాటలు మునిగిపోయాయి. వూఫరును మూడో వంతుకి తగ్గించి, బల్ల కింద నుంచి తీసి గోడకి దూరంగా జరిపాడు. మాటలు పలికే నడిమి పెట్టెను చెవి ఎత్తుకి దించాడు. వెనకవి మంచానికి మరీ దగ్గరగా ఉన్నాయని గోడ మీదికి ఎక్కించాడు. "ఈ గదికి ఇది కాస్త పెద్దదేనండి. కానీ మాట స్పష్టంగా ఉంది. ఉంచుకోండి" అన్నాడు.

ఇంటికి చేరేసరికి భార్య లాల్ బీ బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చేట కింద పెట్టేసింది.

"బజారుకెళ్తే నేనెప్పుడూ మీ ఎడం పక్కనే నడుస్తాను. ఏమన్నా అడిగితే పలికేవాళ్లు కాదు. నా మాటంటే విసుగొచ్చిందేమో అనుకున్నా. అందుకే మాట్లాడటం మానేశా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లు దాటుంటుంది."

మొహిద్దీన్ లేచి, ఆవిడ తన కుడి చెవి వైపు ఉండేలా కూర్చున్నాడు. "ఏం చెప్పేదానివి?" అని అడిగాడు.

"ఏముంటాయి? వంకాయలు ముదిరిపోయాయనీ, చెప్పు తెగేట్టుందనీ." నవ్వబోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే జనార్దనరావు కొట్టుకి వెళ్లాడు. "మీరన్న మాటకి ఆ రోజు నుంచి ఒక్క సెట్టు కదల్లేదు బాబాయ్" అన్నాడు జనార్దనరావు ముఖం తిప్పుకుని. మొహిద్దీన్ క్షమించమని అడిగి ఊరుకోలేదు. సాయంత్రం దాకా కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ, "సెట్టు తప్పు కాదయ్యా, నా చెవి తప్పు" అని చెప్పాడు. మూడో మనిషికి చెప్పేటప్పటికి సిగ్గు తగ్గింది. పొద్దు వాలేవేళకి జనార్దనరావు టీ తెప్పించాడు.

గుంటూరులో చెవి డాక్టరు పరీక్ష చేసి, ఏళ్ల తరబడి లౌడుస్పీకరు పక్కన ఎడమ చెవి పెట్టి నిలబడినందుకే నరం దెబ్బతిందని, పోయింది తిరిగి రాదని, ఇక చెవుల్లో దూది పెట్టుకోకుండా పనికి వెళ్లొద్దని చెప్పాడు. చెవికి పెట్టుకునే మిషను కూడా ఒకటి ఇచ్చాడు. మనుషుల మాటలకది పనికొచ్చింది కానీ మైకు పనికి పనికిరాలేదు.

ఆ సంగతి దాచకుండా కాలేజీలో చెప్పి, ఇక వేరేవాళ్లని చూసుకోమన్నాడు. మీనాక్షి గారు ఒప్పుకోలేదు. ఆ ఏటి వార్షికోత్సవానికి లాల్ బీ కూడా బాపట్ల వచ్చింది. మొహిద్దీన్ కుడి పక్క నిలబడి విన్నాడు, ఆవిడ ఎడమ పక్క వరసలో కూర్చుంది. ముఖ్య అతిథి ప్రసంగం మొదలై అరగంట దాటాక మొహిద్దీన్ ఆవిడ దగ్గరికి వెళ్లి, కుడి చెవి వంచి, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఈ పక్కంతా శుభ్రంగా వినబడుతోందండి. ఆయన చెప్పేదే ఏం బాలేదు" అంది లాల్ బీ.