పారమ్మప్ప తలుపు వెయ్యలేదు

గాలి మళ్లితే జీడితొక్కల పొగ మా ఇంట్లోకి వస్తుంది. నాలుక మీద వగరు నిలుస్తుంది. కిటికీ మూయమని మనవరాలు పోరుతుంది. నేను మూయను, లేచే ఓపికా లేదు. ఆ పొగ వచ్చినప్పుడల్లా పారమ్మప్ప గుర్తొస్తుంది. మూడో తరగతితో బడి మానిన నాకు పని నేర్పింది ఆమె. మనిషిని ఎలా చూడాలో కూడా నేర్పబోయింది. అది నాకు సగమే వచ్చింది.

అరవైల చివర్లో, పెళ్లయి పలాస వచ్చిన ఏడాదే, జీడిపిక్కలు కొట్టే షెడ్డులో చేరాను. తొక్కలోని జీడినూనె తగిలితే చర్మం ఊడిపోతుంది కనుక చేతులు బూడిదలో అద్దుకుంటూ కొట్టేవాళ్లం. ఎదురుబొదురు కూర్చున్న ఇద్దరికి ఒక బూడిద మూకుడు. ఒకే మూకుడులో చెయ్యి పెట్టినవాళ్లు అక్కాచెల్లెళ్ల కింద లెక్క, పెద్దదాన్ని అప్ప అనాలి. ఒకరింట్లో పురుడొచ్చినా చావొచ్చినా రెండోవారు ముందుండాలి. నాకు పారమ్మప్ప ఎదుట చోటు దొరికింది. సంతబొమ్మాళి వైపు మనిషి, నలభై దాటినది, ఒంటరిది. నేను మొదటి పిక్కను రెండు దెబ్బలు వేసేసరికి చెయ్యి పట్టుకుంది.

“ఏటే గుంటా, పాముని కొడతన్నావా? ఒక్క దెబ్బే. లోపల పప్పు బతకాల.”

“ముక్కలైపోతే ఏటి సెయ్యాలప్పా?”

“నీ మొగుడి నోట్లో పెట్టు. కాసేపు ఊరుకుంటాడు.”

ఇలాంటివన్నీ నవ్వకుండా అనేది.

సినిమా పేరెత్తితేనే విసుక్కునే ఆ మనిషి ఒక ఆదివారం నన్ను సినిమాకు రమ్మంది. “ఒక్కర్తినీ ఎల్లనేను” అంది. పద్యాలు పాడి ఇంటింటా పేరు తెచ్చుకున్న ఒక నాటకాల నటుణ్ణి కొన్నేళ్ల కిందట ఒకడు పొడిచి చంపాడు. ఆ నిజం కథనే పేర్లు మార్చి తీశారు. మధ్యాహ్నం ఆటకు షెడ్డులో సగంమంది వచ్చారు. హంతకుడు కోరమీసాల రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. కాదు. వాడు దూడకు గడ్డి వేశాడు. తాను చంపబోయే మనిషి పద్యాన్నే కూనిరాగం తీస్తూ గడ్డం గీసుకున్నాడు. ఇలాంటివాణ్ణి రోజూ వీధిలో చూస్తాం కదా అనిపించింది. చంపి ఇంటికొస్తే అక్క వాడి మొహాన తలుపు వేసింది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పారమ్మప్ప చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే రైలుగేటు వేసి ఉంది. ఆగాం.

“నాను తలుపు ఎయ్యనేదు” అంది.

“ఏ తలుపప్పా?”

“ఆడు నా తమ్ముడు. ఆకలేత్తందన్నాడు. సద్దన్నం పెట్టినాను. ఆడు తిన్నాక నానే ఎల్లి పోలీసులకి సెప్పినాను. ఉరేసినారు. సినిమావోళ్లకి ఆ అన్నం పనికిరానేదు.” బండి వెళ్లిపోయింది. “ఎవులికీ సెప్పకు” అంది.

ఆ సాయంత్రమే మా అత్తకు చెప్పాను. బరువు మోయలేక చెప్పానంటే అబద్ధం. ఊరంతా మాట్లాడుకునే సినిమాలో ఎవరికీ తెలియనిది నాకు తెలుసునన్న గొప్ప. మర్నాటికి షెడ్డంతా పాకింది. చంపినోడికి అన్నం పెట్టిన చెయ్యి అన్నారు. “ఆ బూడిదలో సెయ్యెడితే ఆ పాపం మనకీ అంటుకుంటాది” అన్నారు. నేను కొట్టుడురాయి తీసుకుని అవతలి వరసలోకి వెళ్లాను. ఆమె తల ఎత్తలేదు.

నాలుగో రోజు ఉండబట్టలేక వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆమె మూకుడు తన వైపు లాక్కుంది.

“ఎల్లిపో గుంటా. కడుపుతో ఉన్నావు. ఇక్కడ కూకుంటే రేపు నీ పురిటికి ఒక్కర్తీ రాదు.”

“నానే సెప్పినానప్పా.”

“తెలుసు. ఇంకెవులికి సెప్పినాను నాను?”

గొంతులో కోపం లేదు, అలసటే. నెల తిరగకుండా షెడ్డు మానేసింది. ఎటు వెళ్లిందో తెలియదు. కొన్నాళ్లు అడిగాను, తర్వాత అడగడం మానేశాను.

ఆ రోజు ఆమె పొమ్మనగానే నేను లేచాను. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. ఏడుపు రాలేదు. పొమ్మంది కదా, ఇక తప్పు నాది కాదన్నట్టు గుండె తేలికైంది. మా ఇంట్లో అందరూ నన్ను గట్టిమనిషినంటారు, ఎవరికీ లొంగనంటారు. ఆ తేలికైన గుండెతో అవతలి వరసకు నేను నడిచిన పది అడుగులు వాళ్లెవరూ చూడలేదు.