సుంగై సుమున్ వెళ్ళిన నా పెళ్ళాం

మలేషియాలోని ఇపోలో ఒక టైల్స్ కొట్టు మేడమీద శనివారం సాయంత్రాలు బాల్‌రూమ్ డాన్సు నేర్పుతారు. యాభై మూడేళ్ళ వయసులో చేరాను. డాక్టరు చెప్పాడని అందరితో అన్నాను. డాక్టరు ఏమీ చెప్పలేదు. పక్క కొట్లో ఒక్కణ్ణే టీ తాగుతుంటే పైనుంచి కాళ్ళ చప్పుడూ నవ్వులూ వినబడేవి, అంతే.

"జంటగా రావాలి లా," అంది టీచరమ్మ, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా'తో. డెబ్బై ఏళ్ళ చీనా ఆవిడ, వెన్ను గీత గీసినట్టుంటుంది. "మీ ఆవిడేది?"

నాకసలు పెళ్ళే కాలేదు. ఆ ముక్క చెబితే పోయేది. "సుంగై సుమున్ వెళ్ళింది. వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదు," అన్నాను.

"సరే. వచ్చేదాకా ఉందనుకుని పట్టుకో."

అలా గాలిని పట్టుకుని వాల్ట్జ్ మొదలుపెట్టాను. మగవాడు మొదటి అడుగు ఎడమకాలితో ముందుకు వెయ్యాలట. కొత్త చోట కుడికాలే ముందు పెట్టాలని మా అమ్మ కొట్టి మరీ నేర్పింది. పాట మొదలవగానే నా కుడికాలు దానంతటదే లేచేది. "మీ ఆవిడ కాలు తొక్కేశావు," అనేది టీచరమ్మ. నేను వంగి గాలికి క్షమాపణ చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు.

ప్రతి వారం అందరూ మా ఆవిడ సంగతులు అడిగేవారు. ఆ ఊరి దగ్గర్లోని హుటాన్ మెలింటాంగ్ రేవులో మొసలి పడవ అంచున మూతి పెడితే, మా ఆవిడ తడి సారంగ్ గుడ్డతో ఫెడీమని కొట్టిందనీ, ఆ మొసలి ఇప్పటికీ అటు రాదనీ చెప్పాను. ఇంటికొచ్చి ఒక్క కంచం కడుక్కుంటూ, వచ్చే వారం ఆవిడ చేత ఏం చేయించాలా అని ఆలోచించేవాణ్ణి. మీ ఆవిడ ఫోను చేసిందా, ఎలా ఉంది అని నన్నడిగే మనుషులు లోకంలో ఆ గదిలోనే ఉన్నారు.

ఐదో వారం కొత్త జంట వచ్చింది. రిటైరైన నర్సు, ఆమె భర్త. నేను తెలుగులో ఒకటి, రెండు, మూడు అని గొణుక్కోవడం ఆమె వినేసింది.

"ఏటి తమ్ముడూ, మనోళ్ళా? నాను సుంగై సుమున్ ఎస్టేట్లో పుట్టినాను. మీ ఆవిడా అక్కడిదేనంట గదా. ఎవరింటి పిల్ల?"

మనవాళ్ళు ఊరి పేరుతో ఆగరు. ఇంటిపేరు పట్టుకుని వంటింటిదాకా వచ్చేస్తారు. అది తెలిసీ నోటికొచ్చిన ఇంటిపేరొకటి చెప్పేశాను.

"అది మా పుట్టింటి పేరు," అందామె మెల్లగా. "ఆ ఊళ్ళో ఆ పేరు మాదొక్కటే. ఆడపిల్లని నానొక్కదాన్నే."

మొసలిని తరిమించినవాణ్ణి, బూటు లేసు కట్టుకోవడానికి వంగిపోయాను. "ఏమంటోంది?" అని టీచరమ్మ అవతలినుంచి అడిగింది.

"సుట్టాలం లా," అని చెప్పి ఆమె తన భర్త దగ్గరికి వెళ్ళిపోయింది.

మానేద్దామనుకున్నాను. మళ్ళీ శనివారం కింద రెండు టీలు తాగి, చివరికి మెట్లెక్కాను. ఆ నర్సక్క ఎదురొచ్చింది.

"మా ఇంటి పిల్ల ఎలాగుంది?"

నవ్వడం లేదు. నా కథని నాకు తిరిగి ఇచ్చేస్తోంది. బాగుంది అంటే చాలు, మా ఆవిడతోపాటు మొసలి కూడా బతికిపోతుంది.

"ఎవరూ లేరక్కా," అన్నాను. టీచరమ్మకి వినబడేట్టు మలయ్‌లో మళ్ళీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

అక్క తన భర్తని ఒక పాట సేపు కూర్చోమంది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అది ఎంత బరువుగా ఉందో. "ఎడమకాలు," అంది. నా కుడికాలు లేచి ఆమె బొటనవేలి మీద పడింది.

"మా ఇంటి అల్లుడివి కాకపోడమే మంచిదయింది," అందామె.

ఇప్పుడు ప్రతి శనివారం ఎవరో ఒకరి భర్త ఒక పాటకి కూర్చుంటాడు, నాకొక చెయ్యి దొరుకుతుంది. ఎడమకాలు కూడా మాట వింటోంది. ఇంట్లో ఎలా ఉన్నారని మాత్రం ఎవరూ అడగరు. ఇంటికొచ్చి కంచం కడిగేటప్పుడు, వచ్చే వారానికి ఆలోచించుకోవడానికి ఏమీ ఉండదు.