సాక్సులు సరిచేసి వేసేవాడు

బ్రాడ్‌వెల్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో ముప్పై ఒక్క ఏళ్లు ఆటగాళ్ల బట్టలు ఉతికింది ఈనిడ్ ఓర్మరాడ్. పక్కనే టికెట్ల గదిలో నేను పనిచేసేవాణ్ణి. గోల్ ఎవరు కొట్టారో ఆవిడకు పట్టేది కాదు గానీ, చొక్కాలకు అంటిన బురద చూసి ఎవడు ఒళ్లు వంచాడో, ఎవడు షికారు చేశాడో చెప్పేసేది.

ఒక ఏడు, ఏ ఆటగాడికి ఎంత ఆదరణ ఉందో తేల్చాలని క్లబ్బు యజమానికి బుద్ధి పుట్టింది. సర్వే వాళ్లు ఊరంతా తిరిగారు. మొదటి స్థానం స్ట్రైకర్ జేడెన్ క్రాఫ్ట్‌ది. అతను నవంబరు నుంచి ఒక్క గోలూ కొట్టలేదు, జుట్టు రంగు మాత్రం నాలుగుసార్లు మార్చాడు. ఆఖరి స్థానం డిఫెండర్ నేథన్ ఎంట్విసిల్‌ది. నూటికి ముగ్గురికి నచ్చాడు. మేక వేషం వేసుకుని మైదానం చుట్టూ గంతులేసే మనిషికే నలభై వచ్చాయి.

"ఒరేయ్ నేథన్, మీ అమ్మ కూడా మేకకే వేసిందటగా!" అన్నాడు జేడెన్.

"వేసే ఉంటుందిరా. అది నాకంటే బాగా పరిగెత్తుతుంది," అన్నాడు నేథన్, బూట్ల తాళ్లు విప్పుకుంటూ.

అది విని ఈనిడమ్మకు ఒళ్లు మండింది. ఆ వారమే ఊరి రేడియో అమ్మాయి పలకరిస్తే కడిగి పారేసింది.

"పంతొమ్మిది మందిలో తిరగబడ్డ సాక్సులు సరిచేసి బుట్టలో వేసేవాడు అతనొక్కడే. మిగతా మహారాజులవి బురద ఉండలు. నా గోళ్లు చూడు! అసలు ఏం చూసి వేశారమ్మా ఓట్లు?"

అది రేడియోలో విన్న జనం శనివారం ఆటకు సాక్సులు తెచ్చి ఊపారు. నేథన్ పేరున్న చొక్కాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. సోమవారం జేడెన్ తన సాక్సులు సరిచేస్తున్న వీడియో పెట్టాడు. అవి అప్పటికే ఉతికినవి. క్లబ్బు వాళ్లు నేథన్ సాక్సులను అద్దాల ఫ్రేముల్లో బిగించి అమ్మసాగారు. ఈనిడమ్మకు ఉతకడానికి అతనివి ఒక్క జత కూడా మిగల్లేదు.

నెల తర్వాత నేథన్ ఆవిడ గదికి వచ్చి వాషింగ్ మెషీన్ పక్కన కూలబడ్డాడు.

"ఎంత పని చేశావు ఈనిడమ్మా! మొన్న నా తప్పు వల్లే గోల్ పడింది. తిడతారనుకున్నా. సాక్సులు ఊపారు."

"మునుపు మాత్రం నీ ఆట చూశారా నాయనా?"

"లేదు. కానీ చూసినట్టు నటించలేదు కదా."

ఆవిడ టీ కాచి ఇచ్చింది. "నోరు జారాను," అంది చివరికి.

సీజను ముగిశాక నేథన్ తనెవరో తెలియని చిన్న క్లబ్బుకు వెళ్లిపోయాడు. అక్కడ బాగానే ఆడాడని విన్నాం. మరుసటి ఏడు సర్వే వాళ్లు ఈనిడమ్మ దగ్గరికీ వచ్చారు, ఎవరంటే ఇష్టమని.

"రిఫరీ," అంది. "తన బట్టలు తనే ఇంటికి పట్టుకుపోతాడు."

వాళ్ల కాగితంలో ఆ పేరుకు గడి లేదు. జేడెన్‌కు టిక్కు పెట్టుకుని వెళ్లారు.