బరువు దించే రాయి మీద బ్యాటరీలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ ఉందని చెప్పను. మా ఊర్లో ఎవురికన్నా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండప్పా అని తిట్టేవాడిని నేనే. కరెంటు పని చేసేవాడిని. ఏది చెడిపోయినా దానికొక కారణం ఉంటాది, వెతికితే దొరుకుతాది. ఈ ఒక్కదానికి మాత్రం వెతికి వెతికి విసుగొచ్చింది.

మాది ఉద్దనపల్లి పక్కన పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. డిప్లొమా చదివి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హోసూరులో ఒక చిన్న డేటా సెంటర్‌లో పనికి చేరినాను. చుట్టుపక్కల ఫ్యాక్టరీలోళ్ళు వాళ్ళ లెక్కలన్నీ మా కంప్యూటర్లలో పెట్టుకునేవాళ్ళు. వాటికి కరెంటు పోకుండా చూసేది నా పని.

ఆఫీసంటే మా పల్లెకు పోయే రాయకోట దోవలో మూడు గదులు, అంతే. కస్టమర్లు మాత్రం వస్తానే ఉండారు. ఇంకో బిల్డింగు తీసుకుందామంటే మేనేజరు ఒప్పుకోడు. ఉన్న జాగాలోనే ఇరికించడం ఆయప్పకు ఒక పిచ్చి. జేబులో కొలిచే టేపు పెట్టుకొని తిరిగేవాడు. మేము అన్నం తినే మూల పోయింది, ఆడ కంప్యూటర్లు పేర్చే ర్యాకు వచ్చింది. కక్కసు కూడా తీసేసి ఆడా ఒక ర్యాకు పెట్టించినాడు. ఆ గోడల కంపు కంప్యూటర్ల వేడిగాలితో కలిసి మొగానికి కొడతా ఉంటే, ఆ గాలిలోనే నిలబడి టిఫిన్ డబ్బా తెరిచేవాళ్ళం. థూ, అదేం బతుకు! ర్యాకుల వెనక వైరు మార్చాలంటే అడ్డంగా దూరాల, చొక్కా గుండీలు ఊడిపోయేవి. ఎవరన్నా పెద్దవాళ్ళు వస్తే మాత్రం "ఎంత జాగా మిగిల్చినానో చూడండి" అని ఆయప్ప మురిసిపోయేవాడు.

కడాన బ్యాటరీలకు జాగా లేకుండా పోయింది. కరెంటు పోతే కంప్యూటర్లను నిలబెట్టేవి అవే. ఒక్కోటి ఇద్దరు మోసే బరువు. నేల మీద పరిస్తే గది నిండిపోతాది. ఇనుప స్టాండు పెట్టి చూస్తే, ఆ బరువుకు అది వంగిపోయింది.

మా గేటు బయట దోవ పక్కన ఒక రాయి ఉండేది. రెండు నిలువు బండలు, వాటి మీద భుజాల ఎత్తున ఒక అడ్డ బండ. అరవంలో సుమైతాంగి అంటారు. కడుపుతో ఉండి, కాన్పు కాకుండానే చచ్చిపోయిన ఆడమనిషి కోసం ఇంటోళ్ళు అట్లాంటి రాయి నాటిస్తారు. నెత్తిన మోపు ఉన్నోళ్ళు దాని మీద దించుకొని, కాసేపు ఊపిరి తీసుకొని పోతారు. ఆమె దించుకోలేని బరువు అట్లా తేలికవుతాదని నమ్మకం. చిన్నప్పుడు నేనూ ఆడ గడ్డిమోపు దించినాను.

మేనేజరు కన్ను దాని మీద పడింది. కింద ఒక వరస, పైన ఒక వరస బ్యాటరీలు పడతాయన్నాడు. నేను ఊరుకోలేదు. "సార్, అది కడుపుతో పోయినామెకు నాటిన రాయి. దించుకున్నోళ్ళు మళ్ళీ ఎత్తుకొనే పోవాల. బరువు ఆడనే విడిచిపెట్టి పోకూడదు" అన్నాను.

ఆయప్ప నవ్వినాడు. "బరువు మోసేదానికే కదప్పా నాటినారు. ఈడా అదే పని చేస్తాది."

రాయిని పెరికించి లోపల నిలబెట్టి, బ్యాటరీలు పేర్పించినాడు. కొన్నాళ్ళకే గదిలో వాసన మొదలయింది. విరిగిపోయిన పాల వాసన. ఎలుక చచ్చిందేమోనని మూలమూలా వెతికినాను, లేదు. చూస్తే, అడ్డ బండ అడుగున తెల్లగా, జిగటగా ఏదో ఊరి, నేల మీద చుక్కలుగా పడతా ఉండాది. ఏసీ వాడు వచ్చి, చల్లదనానికి నీళ్ళు పట్టినాయన్నాడు. నీళ్ళు జిగటగా ఉంటాయా? బ్యాటరీలు అమ్మినవాడు వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసి, యాడా కారలేదన్నాడు. ఆ చుక్కల చుట్టూ చీమలు పట్టినాయి. యాసిడ్‌కు చీమలు వస్తాయా, మీరే చెప్పండి.

"ఫినాయిల్ పోసి తుడిచేయ్" అన్నాడు మేనేజరు, ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకొని. తుడిచినాను. గుడ్డ పిండితే వేళ్ళకంతా అంటుకొనింది. సోపు పెట్టి ఎంత రుద్దినా ఆ వాసన వదల్లేదు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే వాంతి వచ్చేది, స్పూనుతో తిన్నాను. తెల్లారి చూస్తే మళ్ళీ అదే.

అప్పుడు నా పెళ్ళాం మంజులకు ఏడో నెల. మాకు మొదటి బిడ్డ. ఆమెది జవళగిరి, మా ఆఫీసును చూసిందే లేదు. వట్టి మనిషి కాదు, ఎందుకులే అని రాయి సంగతి నేనూ ఇంట్లో ఎత్తలేదు. ఆస్పత్రి దగ్గరగా ఉంటాదని గురుబరపల్లిలో వాళ్ళక్క ఇంట్లో విడిచినాను. ఆ మధ్య నుంచి భుజాలు నొప్పి, భుజాలు నొప్పి అనేది. "ఎవురో నా మీద మోపు దించి, మళ్ళీ ఎత్తుకోకుండా పోయినట్లుంది" అనింది ఒకసారి. నాకు ఆ రాయే మనసులో మెదిలింది. అయినా, నొప్పి గర్భిణీలకు మామూలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత మేనేజరు, పైన ఇంకా జాగా ఉందని, మూడో వరస ఎత్తించినాడు. ఆ పొద్దు మధ్యాహ్నమే వాళ్ళక్క ఫోన్ చేసింది. మంజులకు నొప్పులొచ్చినాయి, కృష్ణగిరి ఆస్పత్రిలో ఉండారు, నొప్పులు ఆగకపోతే బిడ్డ దక్కదంటా ఉంది డాక్టరమ్మ.

నేను బస్టాండుకు పరిగెత్తాల్సినవాడిని. ఎందుకో కాళ్ళు బ్యాటరీ గదికి పోయినాయి. బయట లారీ దగ్గర ఉన్న హమాలీలను పిలిచి, కనెక్షన్లు పీకి, బ్యాటరీలన్నీ నేలకు దింపించినాను. మేనేజరు తలుపు దగ్గర నిలబడి, నీ ఉద్యోగం పోయింది పో అని అరుస్తానే ఉండాడు. నీ ఉద్యోగం నువ్వే పెట్టుకో, ఇరికించుకో యాడన్నా అన్నాను.

నేను కృష్ణగిరి చేరేసరికి మంజుల నిద్రపోతా ఉండింది. నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయినాయంట. ఆగే ముందర "ఎత్తేసినారు, ఎత్తేసినారు" అనిందంట. నొప్పుల్లో ఏదో కలవరించింది అనుకొనింది వాళ్ళక్క. నెలలు నిండినాక మాకు ఆడబిడ్డ పుట్టింది.

రాయిని ఆయప్ప బయట పారేయించినాడు. మా పల్లెవాళ్ళం పోయి పాత చోటే నాటినాము. ఆఫీసులో అది నిలబడిన జాగాలో ఇంకో ర్యాకు పెట్టినారని విన్నాను. థూ!

ఏడో నెలలో అట్లా నొప్పులొచ్చి ఆగిపోయేది ఉంటాదని డాక్టరమ్మ చెప్పింది. ఉండొచ్చు. నేనూ అట్లే అనుకొని ఊరుకొనేవాడిని.

కానీ బిడ్డ కూచునేంత అయినాక, మంజులతో ఆ దోవన వచ్చినాను. అప్పటికీ ఆమెకు నేనేమీ చెప్పలేదు. రాయి కనబడతానే నిలబడి, బిడ్డను దాని మీద కూచోబెట్టి పట్టుకొనింది. కాసేపటికి మళ్ళీ చంకకు ఎత్తుకొనింది. ఎత్తుకొని, వంగి, అడ్డ బండ అడుగున, ఆ చుక్కలు ఊరిన చోటే, కొంగుతో మెల్లగా తుడిచింది.

ఏముంది ఆడ అని అడిగినాను. "ఏమీ లేదు, పాపం ఆమెకు చెమట పట్టింది" అనింది.

నేను చెయ్యి పెట్టి చూసినాను. ఎండకు రాయి కాలిపోతా ఉండాది, పొడిగా ఉండాది. ఆమె కొంగు మాత్రం తడిసింది. అది ఎట్లాగో నాకు ఈ పొద్దుకీ తెలీదు.