సీటు వెనక కట్టిన కవరు

ఉదయం ఆరూ ఇరవైకి ట్రాక్టర్ స్టార్టయింది. ఇంజను శబ్దంలో తేడా ఏమీ వినిపించలేదు. వెనక తగిలించిన కల్టివేటర్‌ను లేపడానికి లివర్ లాగాను. అది జానెడు లేచి, వణికి, మళ్లీ నేల మీద కూర్చుంది. ఇంకోసారి లాగితే ఆ జానెడు కూడా లేవలేదు. కొట్టం దగ్గర పేడ ఎత్తుతున్న మా వదిన తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.

ట్రాక్టర్ మా అన్నది. ఆయన పోయి అప్పటికి నెల కాలేదు. మా ఊరు పుంగనూరు నుంచి పెద్దపంజాణి వైపు వెళ్లే దారిలో ఉంది. నేను కుప్పంలో ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడన్నా వచ్చిపోయేవాణ్ణి. ట్రాక్టర్ తోలడం అన్న దగ్గరే నేర్చుకున్నాను. అది చెడిపోతే ఏం చేయాలో నేర్చుకోలేదు. అన్న ఉండగా ఆ అవసరం రాలేదు.

దినం జరిగిన మరుసటి రోజే మా చిన్నాన్న కొడుకు భూమిని తనకు గుత్తకు, అంటే కౌలుకు, ఇవ్వమని వదినను అడిగాడు. చెడ్డగా అడగలేదు. ఆడమనిషి ఒక్కతే ఈ ముసలి ట్రాక్టర్‌ను పెట్టుకుని మెట్ట సేద్యం చేయలేదని అతను నిజంగానే నమ్మాడు. ఊళ్లో చాలామంది అలాగే అనుకున్నారు. అన్న కూతురు మదనపల్లె దగ్గర అంగళ్లు ఊళ్లో కాలేజీలో చదువుతోంది, దినం కాగానే పరీక్షలకు వెళ్లిపోయింది. వదిన కాసేపు ఆలోచించి, ఈసారి వేరుశనగ తానే వేస్తానని, పదునులో విత్తనం పడకపోతే అప్పుడు గుత్తకు ఇస్తానని చెప్పింది. ఆ మాట నలుగురి ముందు అంది.

తర్వాత వాన పడింది. రెండు రాత్రులు గట్టిగా కురిసింది. మా మెట్టచేలల్లో ఆ తడి నిలిచేది కొద్ది రోజులే. అది ఆరేలోపు దున్ని, విత్తనం వేయాలి. ఊళ్లో ట్రాక్టర్లన్నీ వాటి యజమానుల చేలల్లోనే ఉన్నాయి. బాడుగకు దొరికేసరికి పదును పోతుంది. అందుకే ఆ ఉదయం అంత పొద్దున్నే స్టార్ట్ చేశాను.

పుంగనూరు నుంచి మెకానిక్ మధ్యాహ్నానికి వచ్చాడు. ట్రాక్టర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది నాకంటే ముందు పుట్టిండాదప్పా. దీన్ని అన్నా అని పిలవాల" అన్నాడు.

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. వదిన నవ్వింది.

ఈ ట్రాక్టర్‌లో గేర్లకూ లిఫ్ట్‌కూ నూనె ఒకటే. అది సీటు కింద ఉన్న పెట్టెలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక రబ్బరు గొట్టం నూనెను పంపుకు తీసుకుపోతుంది. పంపు దాన్ని ఇనుప గొట్టంలో ఒత్తిడితో లిఫ్ట్‌కు పంపుతుంది. మెకానిక్ చెప్పినప్పుడు ఇది సులువుగానే అర్థమైంది. ఎక్కడ తప్పిందో మాత్రం ఆ తర్వాత కొన్ని రోజుల పాటు మా ఇద్దరికీ అర్థం కాలేదు.

సీటు వెనక నూనె పోసే రంధ్రం ఉంది. దానికి మూత లేదు. పాలిథీన్ కవరు మడిచి కప్పి, పురికొసతో బిగించి కట్టి ఉంది. పాత బండ్లకు ఇట్లాంటివి మామూలే అన్నాడు మెకానిక్. తెంపడానికి కత్తి తీశాడు. నేను వద్దని, ఆ ముడి నిదానంగా గోళ్లతో విప్పాను. చాలాసేపు పట్టింది. అతను బీడీ ముట్టించాడు. ఆ కవరునూ పురికొసనూ చొక్కా జేబులో పెట్టుకున్నాను.

లోపల నూనె తెల్లగా, నురగగా ఉంది. పాలు ఎక్కువైన కాఫీలా కనిపించింది. నూనె గాలి తీసుకుంటే ఇట్లా అవుతుందని చెప్పి, అతను రబ్బరు గొట్టాన్ని వంచి చూపించాడు. వంపు దగ్గర సన్నగా పగుళ్లు ఉన్నాయి. కారణం దొరికిందని మేమిద్దరం అనుకున్నాం. నేను బైకు మీద మదనపల్లెకు వెళ్లి, టమోటా లారీల మధ్య దారి చేసుకుంటూ, అదే కొలత గొట్టం, రెండు క్లాంపులు తెచ్చాను. సాయంత్రానికి బిగించి, రంధ్రానికి వేరే కవరు కట్టాడు. లివర్ లాగితే కల్టివేటర్ లేచింది. మెల్లగా లేచింది, కానీ లేచింది.

మరుసటి రోజు పల్లపు చేనులో నాలుగు సాళ్లు తోలాను. గట్టు దగ్గర తిప్పుకునేటప్పుడు కల్టివేటర్ సగం లేచి ఆగిపోయింది. మళ్లీ అదే వణుకు.

ఆ పూటంతా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. కుప్పంలో నాకు తెలిసిన స్పేర్ పార్ట్స్ కొట్టాయనకు ఫోన్ చేస్తే, పంపు అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నాడు. వాల్మీకిపురం నుంచి వచ్చిన వదిన వాళ్ల మేనమామ, లిఫ్ట్ లోపలి సీలు పోయిందన్నాడు. ఎవరి మాట వింటే అదే నిజమనిపించింది. పుస్తకాలు చదివే అలవాటున్న వాడికి ఇదొక ఇబ్బంది. బాగా చెప్పిన ప్రతి కారణమూ నమ్మదగినట్టే ఉంటుంది. చిన్నాన్న కొడుకు తన చేను విత్తి వెళుతూ గట్టు మీద ట్రాక్టర్ ఆపాడు.

"ఇంకా గొట్టమేనా వదినా?"

"గొట్టం అయిపోయిండాది. ఇప్పుడు పంపంట. నువ్వు కూడా ఏమన్నా చెప్పు, అదొక్కటే తక్కువ" అంది వదిన.

అతను నవ్వి వెళ్లిపోయాడు. చేనులో పై మన్ను అప్పటికే రంగు మారుతోంది. వదిన వంగి పిడికెడు తీసి, పిసికి, వదిలేసింది. నాకేసి చూడలేదు.

మెకానిక్ మళ్లీ వచ్చి నూనె వడగట్టే జల్లెడ బయటికి తీశాడు. దాని నిండా తెల్లటి జిడ్డు. వేలితో తీస్తే వెన్నలా వచ్చింది. దాన్ని డీజిల్‌తో కడిగి పెట్టాడు. గాలి తీసుకున్నా ఇట్లాగే ఉంటుంది, నీళ్లు చేరినా ఇట్లాగే ఉంటుంది, ఏదో చెప్పలేనన్నాడు. గొట్టం కొత్తది. పాత కవరు కూడా నేను విప్పేదాకా బిగుతుగానే కట్టి ఉంది. నీళ్లు వచ్చే దారి ఏదీ కనిపించలేదు.

కొట్టం నుంచి పాల చెంబుతో వస్తున్న వదిన అక్కడ ఆగింది.

"మజ్జిగ రేపటికి తేరుకోదా? దీన్నీ సీసాలో పోసి పెట్టండి. నీళ్లుంటే అడుక్కు దిగుతాది. దానికింత ఆలోసన యాల?"

మెకానిక్ నా వైపు చూశాడు. అదే చెప్పబోతున్నానన్నాడు. నిజంగానే చెప్పబోయాడేమో నాకు తెలియదు. నూనెను ఒక గాజు సీసాలో పోసి వంటింటి కిటికీలో పెట్టాం.

పొద్దున్నే వదినే ముందు చూసింది. నేను లేచేసరికి సీసా చేతిలో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తోంది. అడుగున రెండు వేళ్ల ఎత్తున నీళ్లు నిలిచి ఉన్నాయి.

నాకు ఇంకా అయోమయంగానే ఉంది. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? జేబులో నుంచి కవరు తీసి, ఎక్కడన్నా చిరిగిందా అని చూశాను. చిరగలేదు. అన్న ఇంత గట్టిగా కట్టినా నీళ్లెలా పోయాయో అన్నాను.

"మీ అన్న కట్టింది కాదప్పా అది" అంది వదిన. "వాన నిలిసినాక నీ చిన్నాన్న కొడుకు కట్టినాడు. బండిని షెడ్డులోకి తోల్తా, రంధ్రం తెరిసుండాదని."

ఆ ముడి అన్న చేతిది కాదు. ఆ కవరును, పురికొసను ఏం చేయాలో నాకు తోచలేదు. మళ్లీ జేబులోనే పెట్టుకున్నాను.

"మరి అన్న ఏం పెట్టేవాడు దానికి?"

వదిన సీసాను కిటికీలో పెట్టి, కొట్టంలోకి వెళ్లింది. ఆవుకు మేత వేసి, నీళ్లు పెట్టి వచ్చింది. అప్పుడు చెప్పింది.

"పచ్చగళ్ల తువ్వాలు. సగం సింపి, ఉండ సుట్టి దాంట్లో దోపినాడు. దినం నాడు ఆయన బట్టలన్నీ తీస్తా ఉంటి. బండి పక్కన పోతా సూస్తే అది కనపడింది. ఇదీ ఆయన ఒంటి మీదిదే కదా అని నేనే లాగేసినా. బట్టల్తో పాటు వంకలో ఏసొచ్చినారు."

పోయిన మనిషి ఒంటి మీది బట్టలు దినం తర్వాత ఇంట్లో ఉంచకూడదు. ఊరి చివర పారే వంకలో వదిలేయాలి. మా వైపు అందరూ చేసేదే. అదే రోజు, వచ్చినవాళ్లకు భోజనాలు పెట్టడానికి షెడ్డు ఖాళీ చేసి, ట్రాక్టర్‌ను బయట వాకిట్లో పెట్టారు. తర్వాత వాన. సీటు మీద పడిన నీళ్లన్నీ వెనక ఉన్న పల్లంలోకి, అక్కడి నుంచి రంధ్రంలోకి దిగాయి. ఎవరూ చేయకూడనిది ఏదీ చేయలేదు.

"గొట్టం కూడా పగిలుండె వదినా. అది నిజమే" అన్నాను.

"ఓదార్సొద్దప్పా. నూనె యాడ దొరుకుతాదో సూడు. పదును పోతాండాది."

పాత నూనె మొత్తం కిందికి వదిలాం. డీజిల్ పోసి, ఇంజను కాసేపు తిప్పి, అదీ వదిలాం. పుంగనూరు నుంచి తెచ్చిన కొత్త నూనెను వదిన గరాటు పట్టుకుంటే నేను పోశాను. లివర్ లాగితే కల్టివేటర్ ఒక్క ఊపున లేచి, అక్కడే నిలబడింది. మెకానిక్ దాని కింద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

పల్లపు చేనులో తడి ఇంకా మిగిలి ఉంది. ఆ రోజూ మరుసటి రోజూ దున్నాను. వెనకే కూలివాళ్లు, వాళ్లతో పాటు వదిన విత్తనం వేశారు. ఎత్తులో ఉన్న రెండోది, మిట్ట చేను మాత్రం అప్పటికే ఆరిపోయింది. చిన్నాన్న కొడుకు వచ్చి, గట్టు మీద నిలబడి రెండు చేలనూ చూశాడు. వదిన నలుగురి ముందు చెప్పిన మాట ప్రకారం సగం గెలిచిందో, సగం ఓడిందో అతనికీ తెలియలేదనుకుంటాను. మిట్ట చేను తనకివ్వమని అడిగాడు. అందులో తర్వాత ఉలవలు వేస్తానని, అవి ఆలస్యమైనా పరవాలేదని వదిన చెప్పింది. ఆ పంటకాలంలో అతను మళ్లీ గుత్త మాట ఎత్తలేదు. ఉలవలకు మాత్రం విత్తనం తనే ఇచ్చాడు.

లిఫ్ట్ చెడిపోవడంలో పగిలిన గొట్టం వంతు ఎంతో, వాన నీళ్ల వంతు ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. మెకానిక్‌ను అడిగితే రెండూ అంటాడు. అన్న వారం వారం టమోటాలు తీసుకుని మదనపల్లెకు వెళ్లేవాడు. పార్ట్స్ కొట్లన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. మూత ఒకటి ఎందుకు కొనలేదో కూడా నాకు తెలియదు. వదినకు కూడా తెలియదు. గుడ్డతో పని జరుగుతోంది కాబట్టి కొనలేదేమో. అంతకంటే కారణం ఉండకపోవచ్చు.

మూత నేను కుప్పంలో, పాత ట్రాక్టర్లు విప్పి అమ్మేచోట వెతికి తెచ్చాను. మరలు సరిపోయాయి. సాయంత్రం బండి షెడ్డులోకి వచ్చాక వదిన దాన్ని చేత్తో ఒకసారి బిగించి చూసుకుంటుంది. ఆ రంధ్రంలో ఇప్పుడు గుడ్డ పెట్టడం లేదు.